మహారాజశ్రీ రసీదు పుస్తకం గారికి

మహారాజశ్రీ రసీదు పుస్తకం గారి దివ్య సముఖమునకు, విజయవాడ నుంచి మీ శిష్యురాలు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా నా హ్యాండ్‌బ్యాగ్‌లో టిఫిన్ డబ్బా కింద క్షేమమని తలుస్తాను.

శిష్యురాలిని అని ఎందుకన్నానంటే, ఆరేళ్ల కిందట విరాళాలు వసూలు చేసే ఈ ఉద్యోగంలో చేరిన రోజు నాకు దొరికిన గురువు మీరొక్కరే. సింగ్ నగర్‌లో పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెప్పే చిన్న సంస్థ మాది. మా కార్యదర్శి గారు మిమ్మల్ని నా చేతిలో పెట్టి, పాత క్యాలెండర్ కాగితం వెనక రాసిన పద్నాలుగు పేర్లు చూపించి, "వెళ్లి రామ్మా, అందరూ మనవాళ్లే" అన్నారు. నా ట్రైనింగ్ అయిపోయింది. ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు ఎప్పుడో కాలం చేశారని వాళ్ల గుమ్మాల్లో నిలబడ్డాకే తెలిసింది. అందులో ఒకావిడ నన్ను దండ వేసిన భర్త ఫొటో ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ చెప్పింది.

మీరు మాత్రం నోరు విప్పలేదు. తెల్ల కాగితం దాతకి, గులాబీది ఆఫీసుకి, మధ్యలో కార్బన్, నా బొటనవేలికి ఎంత తోమినా పోని నీలి మరక. మీ దగ్గర నేను నేర్చుకున్న చదువంతా ఇంతే. ఎవర్ని ఎంత అడగాలి, "రేపు రామ్మా" అన్న మనిషి దగ్గరికి నిజంగా రేపే వెళ్లాలా పది రోజులు ఆగాలా, ఇవేవీ మీలో ఏ పేజీలోనూ అచ్చు వేయలేదు.

మీ వంశం గొప్పదే, కాదనను. 1921లో ఇదే బెజవాడలో కాంగ్రెస్ పెద్దలు కూర్చుని తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని తీర్మానించారు, జూన్ 30 గడువు పెట్టుకున్నారు, చేసి చూపించారు. ఆ రోజుల్లో కోటి అంటే మాటలా. అయితే వాళ్లకి ఊరూరా తోడు తిరిగే మనుషులున్నారు. నాకు మీరున్నారు.

పైగా మీకు రహస్యాల పిచ్చి. నిండిపోయిన మీ అన్నదమ్ముల్ని మా కార్యదర్శి గారు బీరువాలో, వాళ్లావిడ వెండి గ్లాసుల పక్కన పెట్టి తాళం వేస్తారు. కౌంటర్‌ఫాయిల్ మీది పేర్లు పక్క సంస్థవాళ్ల కంటపడితే దాతల్ని ఎగరేసుకుపోతారట! అదే పెద్దమనుషుల్ని ఊళ్లో అన్ని సంస్థలవాళ్లూ అడుగుతూనే ఉన్నారని, అందరూ అవే కుర్చీల్లో కూర్చుని వస్తున్నారని ఆయనకు చెప్పేదెవరు?

ఆ కుర్చీల దగ్గరే నా కథ మలుపు తిరిగింది. బందరు రోడ్డులో ఒక కంపెనీ ఆఫీసు, సీఎస్ఆర్, అంటే కంపెనీ సమాజసేవ ఖర్చు, చూసే మేనేజర్ గారు నాకు పది గంటలకు టైం ఇచ్చారు. వెళ్లేసరికి మరో నలుగురు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, అందరిదీ పది గంటలే. కుర్చీలు నాలుగు. ఐదు కోట్ల లాభం దాటిన కంపెనీ లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 చట్టం చెప్పింది గానీ ఐదో కుర్చీ వేయమని చెప్పలేదు కదా. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన కుర్చీలో సగం జరిగి, "కూర్చో అమ్మాయ్, ఈయన పన్నెండు దాకా రాడు, వచ్చినా హెడాఫీసుకి పంపిస్తానంటాడు" అంది. పన్నెండుంబావుకి వచ్చాడు. హెడాఫీసుకి పంపిస్తానన్నాడు.

అక్కణ్నుంచి ఐదుగురం గవర్నరుపేటలో టీ తాగాం. ఇప్పటికీ నెలకో శనివారం తాగుతున్నాం. మొదటి రెండు నెలలు ఎవరి బ్యాగు వాళ్లు ఒళ్లోంచి దించలేదనుకోండి, అది మీ పెంపకం. మూడో నెల నేను గొప్పగా చెప్పుకున్నాను. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపాయన ఏప్రిల్ 4న ఫోన్‌పేలో ఐదు వేలు కొట్టి, "మార్చి 31 తేదీ వేసెయ్యమ్మా, నీ చేతిలో పనే కదా" అంటే వేసి ఇచ్చాను, ఆయన ఎంత సంతోషపడ్డాడో అని.

గుంటూరక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"నంబరెంత?"

"అరవై రెండు."

"అరవై ఒకటి తేదీ?"

ఏప్రిల్ 2. నాకు చెమటలు పట్టాయి. ఫోన్‌పేలో ఒక తేదీ, రసీదు మీద ఇంకో తేదీ, మే 31 లోపు మనం దాతల వివరాలతో పన్ను శాఖకి వేసే 10బిడి ఫారంలో ఏది పెడతావు, ఆయన ఏ సంవత్సరంలో చూపించుకుంటాడు అని అక్క నిలదీసింది. ఆ ఫారం ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల ఫీజు అన్న సంగతీ ఆ టీ దగ్గరే తెలిసింది. అంటే ఆరేళ్లుగా నాతో ఒక్క ముక్క మాట్లాడని మీరు, ఆడిటర్ కనిపిస్తే నా మీద పద్యం చదివినట్టు అప్పజెప్పేవారన్నమాట. మర్నాడే ఆటోనగర్ వెళ్లి రసీదు వెనక్కి తీసుకున్నాను. ఏం చెప్పాలో కూడా అక్కే నేర్పింది. "తప్పు నాదండీ, రేపు ఇబ్బంది మీకొస్తుంది." ఆయన మొహం మాడ్చుకున్నాడు. మళ్లీ ఇస్తాడో లేదో నాకు తెలీదు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. నగదు 2,000 దాటితే, విరాళాలకి అప్పట్లో 80జి సెక్షన్ కింద ఇచ్చే పన్ను మినహాయింపు వర్తించదని, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలు ఆ మినహాయింపే లేదని, అందుకే పన్ను మాటతో మొదలుపెట్టకుండా ట్యూషన్‌కి వచ్చే ఏ పిల్లాడి సంగతితోనో మొదలుపెట్టమని. మా కార్యదర్శి గారు "తెచ్చినదాంట్లో పది శాతం నువ్వే ఉంచుకో" అన్నప్పుడు నేను దాన్ని ఇంక్రిమెంట్ అనుకుని మురిసిపోయాను. అక్క ఒప్పుకోలేదు. అమెరికాలో 1960లోనే ఫండ్‌రైజర్లు, అంటే మనలా విరాళాలు అడిగేవాళ్లు, సంఘం పెట్టుకున్నారట, కమీషన్ మీద పనిచేయకూడదని వాళ్ల నియమావళిలోనే ఉందట. "నీకు పది శాతం పోతుందని తెలిస్తే ఆ షాపాయన నీకు మంచినీళ్లైనా ఇస్తాడా?" అంది. జీతం పెంచమని అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్ మీద పడ్డప్పుడు మీరు మా ఆఫీసు కింది అరలో మునిగిపోయారు. ఆ వారం ఎవరి దాత ఎవరు అని ఎవరూ అడగలేదు. నా దగ్గర బిస్కెట్లు గుట్టలున్నాయి, ట్రాక్టర్‌కి డీజిల్ లేదు. ఇంకొకరికి ట్రాక్టర్ ఉంది, పాల ప్యాకెట్లు లేవు. ఐదుగురం ఫోన్లలోనే సర్దుకున్నాం. ఏ వీధికి మూడుసార్లు పులిహోర వెళ్లింది, ఏ వీధికి మంచినీళ్లు కూడా వెళ్లలేదు, అన్నీ చెప్పుకున్నాం. నీళ్లు తీశాక మిమ్మల్ని డాబా మీద అప్పడంలా ఎండబెట్టాను. పేర్లన్నీ అలుక్కుపోయాయి. కార్యదర్శి గారు ఏడ్చినంత పని చేశారు. ఆ పేర్లలో సగం నాకు అక్క ఫోన్‌లో చెబుతుంటే రాసుకున్నాను, ఎందుకంటే వాళ్లు ఆవిడకీ ఇచ్చేవాళ్లే.

ఇట్లు,
బొటనవేలికి నీలి మరకతో,
మీ శిష్యురాలు

తా.క. పోయిన శనివారం ఒక కొత్త అబ్బాయి వచ్చాడు, చేరి వారమైందట, చేతిలో మీ తమ్ముడు. టీ ఒలికి మొదటి రసీదు మీదే పడింది. చింపేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, రెండు కాపీల మీదా అడ్డంగా గీత కొట్టించి "రద్దు" అని రాయించి, పుస్తకంలోనే ఉంచమన్నాను, నంబరు తప్పితే పుస్తకమే చెప్పేస్తుందని. "నంబరు తప్పితే ఎవరికి చెబుతుందక్కా?" అన్నాడు. నాకంటే నాలుగేళ్లే చిన్నవాడు, అప్పుడే అక్కనైపోయాను.