అజెండాలో లేని అంశం

ఇంగ్లండ్‌లోని సఫక్ కౌంటీలో గోధుమ చేల మధ్య ఉన్న ఈ ఊరి పారిష్ కౌన్సిల్ (మన గ్రామ పంచాయతీ లాంటిది) వారికి,

నమస్కారాలు. సభకు మూడు రోజుల ముందే అజెండా నోటీసు బోర్డు మీద ఉండాలన్నది చట్టం కాబట్టి, ఈ లేఖ అంతకన్నా ముందే మీ క్లర్కు గారికి అందేలా పంపుతున్నాను. అజెండాలో లేని విషయం మీద మీరు తీర్మానం చేయలేరని నాకు తెలుసు. ఉన్న విషయం మీద కూడా చేయరని ఈ మధ్యే తెలిసింది.

మా ఆయనకు బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఆసుపత్రి ఉద్యోగం. నాది ఇంటి నుంచి పని. అందుకని ఊరి బయట అద్దె తక్కువని ఇక్కడికి వచ్చాం. "అక్కడేం ఉంటాయే?" అని మా అత్తగారు అడిగితే, "ఏమీ ఉండవండీ, ప్రశాంతంగా ఉంటుంది" అన్నాను. వీధి దీపాలు లేవు, ఫుట్‌పాత్ లేదు, గ్యాస్ పైపు లేదు. చలికాలానికి ముందు ట్యాంకరు వచ్చి పెరట్లో ట్యాంకులో కిరోసిన్ నింపి పోతుంది. ఈ ప్రశాంతత ప్రకృతి ఇచ్చిందని చాన్నాళ్లు అనుకున్నాను. మీ మినిట్స్, అంటే సభలో ఏం జరిగిందో రాసే నివేదికలు, చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, మీరే నెలనెలా కూర్చుని దీన్ని తయారు చేస్తున్నారని.

గుంటూరు జిల్లాలో మా సొంతూళ్లో ఎవరి చెట్టు కొమ్మ ఎవరి గోడ మీదకి వాలినా పొద్దున్న ఏడింటికల్లా వీధంతా తెలిసేది. రెండు కుటుంబాల మూడు తరాల చరిత్ర బయటికొచ్చేది. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు కాఫీ ఇచ్చేవారు, గొడవ అయిపోయేది. ఇక్కడ అలా కాదు. పక్కింటి హెడ్జ్ (మొక్కల కంచె) పెరిగిందని మండిపడుతున్న మనిషే ఎదురైతే నవ్వుతూ వాతావరణం గురించి మాట్లాడి, ఇంటికెళ్లి మీకు ఈమెయిల్ కొడతాడు. మరుసటి నెల మినిట్స్‌లో "ఒక నివాసి ఆందోళన వ్యక్తం చేశారు" అని వస్తుంది. ఆ ఒక నివాసి ఎవరో ఊరందరికీ తెలుసు. హెడ్జ్ ఎవరిదో కూడా తెలుసు. చెప్పకూడదు, అంతే.

మా ప్రెషర్ కుక్కర్ విజిల్ మీద కూడా ఒక నివాసి ఆందోళన వ్యక్తం చేశారు. మంచిదే. కానీ నిశ్శబ్దం లెక్క నాకు ఇంకా అంతుపట్టలేదు. చర్చి గంటల ఫుల్ పీల్ అంటే గంటలు మోగే వరుసలో కనీసం 5,000 మార్పులు, దాదాపు మూడు గంటల మోత. అది వారసత్వం. అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా ఫెజంట్ పిట్టల మీద తుపాకులు పేలుతూనే ఉంటాయి. అది సంప్రదాయం. ఆగస్టులో అర్ధరాత్రి దాకా కంబైన్ హార్వెస్టర్ తిరుగుతుంది. అది వ్యవసాయం, నేనూ రైతు బిడ్డనే కాబట్టి ఒప్పుకుంటాను. కందిపప్పు ఉడకడానికి మూడు విజిళ్లు వస్తే మాత్రం అది శబ్దం.

మిమ్మల్ని తక్కువ చేయడం లేదు. 1894 చట్టంతో పుట్టారు. అప్పటిదాకా వెస్ట్రీలనే చర్చి సభల్లో పాద్రీలూ భూస్వాములూ నడిపిన ఊరి వ్యవహారాలు మీ చేతికొచ్చాయి. ఆ ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు కూడా ఉంది. అంత ఘనంగా మొదలై ఇప్పుడు మీ చేతిలో మిగిలినవి ఒక బెంచీ, ఒక బస్ షెల్టరు, నోటీసు బోర్డు, ఎర్ర టెలిఫోన్ పెట్టె. రోడ్డు మీద గుంత కౌంటీ కౌన్సిల్‌ది, చెత్త డబ్బా డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌ది. అయినా గుంత మీద చర్చ మాత్రం మీదే. "కౌంటీకి లేఖ రాయాలని నిర్ణయించడమైనది." పోయిన ఏడాదీ ఇదే వాక్యం. గుంత మాత్రం ఎదిగింది.

టెలిఫోన్ పెట్టె విషయంలో మిమ్మల్ని మెచ్చుకోవాలి. 1935లో గైల్స్ గిల్బర్ట్ స్కాట్ గీసిన ఆ పెట్టెని ఒక్క పౌండుకి బీటీ అనే టెలిఫోన్ కంపెనీ దగ్గర కొని, లోపల గుండె ఆగినవాళ్ల కోసం డీఫిబ్రిలేటర్ పెట్టారు. అంబులెన్స్ వచ్చేలోపు అదే దిక్కు. పైగా నాకు అలాట్‌మెంట్, అంటే కూరగాయలు పెంచుకునే అద్దె స్థలం, ఇచ్చారు. పది రాడ్లు అంటే ఏమిటో అనుకున్నాను, లెక్క వేస్తే మన 300 గజాలు. ఏడాది అద్దె కొన్ని పదుల పౌండ్లు. ఈ మాట కోకాపేటలో ఉన్న మా తమ్ముడికి చెప్తే కాసేపు మాట్లాడలేకపోయాడు. ఎండాకాలం కొత్తిమీర, మెంతికూర బాగా వస్తాయి. గోంగూర కోసం మాత్రం లండన్ ఈస్ట్‌హామ్ దాకా పోవాల్సిందే.

ఎన్నికల్లో మాత్రం మిమ్మల్ని చూసి మావాళ్లు నేర్చుకోవాలి. ఏకగ్రీవం చేసుకుంటే లక్షల్లో ప్రోత్సాహకం ఇస్తామన్నా మా దగ్గర పంచాయతీలు పోటీకి దిగుతాయి. ఇక్కడ పైసా ఇవ్వకుండానే ఏకగ్రీవం. ఎందుకంటే నామినేషన్లే సీట్లకంటే తక్కువ వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రలో పంచాయతీ ఎన్నికలు జరుగుతుండగానే చెషైర్‌లోని హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ వీడియో ఊరూవాడా తిరిగింది. నీకేం అధికారం ఉందని కౌన్సిల్ సభ్యులు, సభ నడపడంలో సాయానికి వచ్చిన జాకీ వీవర్ గారి మీద అరుస్తుంటే, ఆవిడ నెమ్మదిగా ఒక్కొక్కరినీ బయటకు పంపేసిన వీడియో. గుంటూరు జిల్లాలో మా నాన్న అదంతా చూసి, "ఇంతేనా? ఒక్క కుర్చీ కూడా లేవలేదేం?" అన్నాడు. మద్యం అమ్మే చోట మీ సభ పెట్టకూడదని, చవకగా ఇంకో గది దొరక్కపోతేనే పెట్టొచ్చని చట్టం ఉందని చెప్పాక విషయం ఆయనకు అర్థమైంది.

సరే, అసలు సంగతి. పడమటి చేను పక్కన పన్నెండు ఇళ్లు కట్టే దరఖాస్తు మీద డిస్ట్రిక్ట్ కౌన్సిల్ మీ అభిప్రాయం అడిగింది. ఏడో అంశం. "గ్రామ స్వభావానికి భంగం" అని ఏకగ్రీవంగా అభ్యంతరం రాశారు. తొమ్మిదో అంశం, బడిలో పిల్లలు తగ్గిపోతున్నారని విచారం. పదో అంశం, బస్సు బుధవారం ఒక్కరోజే నడుస్తోందని ఆవేదన. పదకొండు, పబ్ అమ్మకానికి పెట్టారని దిగ్భ్రాంతి. ఏడుకీ ఆ తర్వాతివాటికీ ఉన్న లింకు ఎవరికీ కనబడలేదు, మధ్యలో ఎనిమిది అడ్డొచ్చింది కదా. ఎనిమిదో అంశం, బెంచీకి రంగు వేయడం. పబ్‌లో గ్లాసులు అందించే కుర్రాడు ఈ ఊళ్లోనే పుట్టాడు. ఇక్కడ అద్దె కట్టలేక ఇంకో ఊరి నుంచి కారులో వస్తున్నాడు. అతను కూడా మానేశాక ఇక్కడ నిజంగానే పూర్తి ప్రశాంతత ఉంటుంది. పాఠశాల ఆటస్థలం నుంచి వచ్చే అరుపుల మీద ఆందోళన వ్యక్తం చేసే అవసరం కూడా ఉండదు.

కౌన్సిల్‌లో ఒక సీటు ఖాళీగా ఉందన్న నోటీసు మీ బోర్డు మీద చూశాను. ఎన్నిక కావాలని పదిమంది ఓటర్లు రాసివ్వలేదట, కాబట్టి మీరే ఒకరిని కో-ఆప్ట్ చేసుకోవాలి, అంటే ఎన్నిక లేకుండా చేర్చుకోవాలి. ఊళ్లో గానీ మూడు మైళ్ల లోపు గానీ ఏడాదిగా ఉంటున్నవాళ్లు అర్హులు. భారత్ లాంటి కామన్వెల్త్ దేశాల పౌరులకు ఇక్కడ ఓటుంది, శాశ్వత నివాసం ఉంటే నిలబడొచ్చు కూడా. మాకు ఐఎల్‌ఆర్ (ఆ శాశ్వత నివాస అనుమతి) వచ్చేసింది. దరఖాస్తు జతచేశాను. సభ్యులకు జీతం లేదని తెలుసు, టీ ఉంటుందని విన్నాను.

నన్ను తీసుకుంటే ఆ పన్నెండు ఇళ్ల అంశం మళ్లీ అజెండాలో పెట్టమని అడుగుతాను. తీసుకోకపోతే ప్రజలకిచ్చే పదిహేను నిమిషాల్లో అడుగుతాను. కుక్కర్ సంగతి మాత్రం చర్చి గంటలు కొట్టేవాళ్లతో మాట్లాడుకున్నాను. వాళ్ల ప్రాక్టీసు రోజునే పప్పు వండుకోమన్నారు, ఎవరికీ వినబడదట.

ఇట్లు,
ఆందోళన వ్యక్తం చేస్తున్న ఒక నివాసి