మహారాజశ్రీ టర్కీ కోడి గారి సముఖమునకు

డాలస్ నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడిగితే బాగుండదు కాబట్టి అడగడం లేదు.

ఇక్కడి థాంక్స్‌గివింగ్ పండక్కి మిమ్మల్ని పిలవాలన్న బుద్ధి నాకే పుట్టింది. ఇన్నేళ్లూ ఆ రోజు బిర్యానీతో హాయిగా గడిచిపోయేది. ఈసారి పిల్లలు "మా క్లాసులో అందరింట్లో టర్కీ అంట" అన్నారు. అదే వారం, ఇంత సరుకు కొంటే మీరు ఉచితమని షాపువాళ్లూ అన్నారు. 16 పౌన్లు, ఏడు కిలోల పైచిలుకు. ఉచితమంటే మనం ఆగుతామా?

మంగళవారం రాత్రి మిమ్మల్ని ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి దించాం. మీకు చోటివ్వడానికి దోసెల పిండి గరాజ్‌లోకి, పెరుగు గిన్నె పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. కొత్త అల్లుడు దిగినా మా ఇంట్లో ఇన్ని గిన్నెలు కదలవు. గురువారం పొద్దున్నే ఆరింటికి మీ పొట్టలో చెయ్యి పెట్టి చూద్దును కదా, బండరాయి! వేళ్లు కొంకర్లు పోయాయి. అప్పుడు కనిపించాయి మీ కవరు మీద చీమ తలకాయంత అక్షరాలు: ఫ్రిజ్‌లో నాలుగైదు పౌన్లకు ఒక రోజు చొప్పున కరగాలట. అంటే ఆదివారమే దించాలి. ఆ మాట, "ఉచితం" అన్నంత పెద్ద అక్షరాలతో రాస్తే ఎవరి సొమ్ము పోతుందండీ?

ఇక సింకులో జలాభిషేకం. చన్నీళ్లే పొయ్యాలి, వేడినీళ్లు పోస్తే పైపైన క్రిములు పెరుగుతాయట. అరగంటకోసారి నీళ్లు మార్చాలి. ఆరు నుంచి పదకొండు దాకా పదిసార్లు మార్చాను. మా పిల్లలు పుట్టినప్పుడు కూడా వాళ్లకి ఇన్ని స్నానాలు చేయించలేదు. వీడియో కాల్‌లో అమ్మ చూసి, "అదేంట్రా, నెమలిని పట్టుకొచ్చావా? ముక్కలు కొట్టకుండా కోడిని ఎవరైనా వండుతారట్రా?" అంది. అక్కడే ఆగి ఉంటే ఎంత బాగుండేది!

పదకొండున్నరకి ఓవెన్లో పెట్టాను, 325 డిగ్రీలు (ఫారెన్‌హీట్). చుట్టాలు ఒంటిగంటకే దిగారు. రెండింటికి పైన రాసిన కారం మాడి, పొగ అలారం కూసింది. మూడింటికి రొమ్ము లోపలి వేడి 165 డిగ్రీలు దాటింది, అంటే ఉడికినట్టే; తొడ మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. తొడ ఉడికేదాకా ఆగితే రొమ్ము ఎండిపోయింది. ఒక్క ఒంట్లో ఇన్ని పేచీలేమిటండీ? నాలుగింటికి నిన్ను బల్ల మీద పెట్టేసరికి పిల్లలు పెరుగన్నం తిని పడుకున్నారు. అవును, నిన్ను అనే అంటున్నాను. గారూ లేదు, గీరూ లేదు. కొబ్బరి పీచుకి కారం పూసినట్టున్నావు! మా బావ ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి నమిలి, "ఆరోగ్యానికి మంచిదట కదా" అన్నాడు. ఆ మాట జీవితాంతం గుర్తుంటుంది నాకు.

ప్రతి నవంబరులో ఇక్కడి అధ్యక్షుడు మీ వాళ్లలో ఒకరిద్దరికి క్షమాభిక్ష పెడతాడు. 1989లో పెద్ద బుష్ పెట్టిన దగ్గర్నుంచి అదో ఆనవాయితీ. ఏడు గంటలకు లేచిన మా ఆవిడకి నన్ను క్షమించే అధికారం ఉన్నా వాడలేదు. గరాజ్‌లో పిండి పులిసి పొంగి నేలంతా పారిందని ఆవిడకి అప్పుడే తెలిసింది మరి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నీ పొట్టలో కాగితం పొట్లం ఒకటి దొరికింది: మెడ, కార్జం, కందనకాయ. అమ్మ ఫోన్లోనే "పారేసేవు, జాగ్రత్త" అని అరిచింది. మిరియాలేసి వేయిస్తే, చుట్టాలు వచ్చిన పది నిమిషాల్లో పళ్లెం ఖాళీ. చివరి కందనకాయ ముక్క కోసం బావా నేనూ కాసేపు మాట్లాడుకోలేదు.

ఇట్లు,
పదిసార్లు నీళ్లు మార్చినవాడు

తా.క.: నీ రొమ్ము ఇంకా నాలుగు డబ్బాలు మిగిలింది. ఆదివారం పులుసులో పడేస్తాం, రా.