మీకేమమ్మా, సొంత పని!

తెలుగునాట అన్నిటికన్నా చవకగా నడుస్తున్న సంక్షేమ పథకం ఒకటుంది. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఆధార్ అక్కర్లేదు, బ్యాంకు ఖాతాకి సెల్ నంబరు తగిలించే పన్లేదు. సొంతంగా పనిచేసుకు బతికే ఆడమనిషి ఎక్కడికెళ్ళి నోరు తెరిచినా అక్కడికక్కడే మంజూరు చేసి పంపిస్తారు. ఆ పథకం పేరు "మీకేమమ్మా, సొంత పని!"

2025 జ్యేష్ఠమాసంలో అది మా చెల్లెలికి మంజూరైంది.

చెల్లెలిది టైలరింగ్ షాపు. షాపంటే ఇంటి ముందు గదే. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, నిలువుటద్దం, హుక్కులు కుట్టే హెల్పరు పిల్ల. పద్నాలుగేళ్ళుగా ఆ పేటలో ఏ ఆడపిల్ల పీటల మీద కూర్చున్నా ఒంటి మీద జాకెట్టు మావాళ్ళ మిషను మీదనుంచి దిగిందే. ఏడో నెలలో కాన్పు సాయం కోసం ఒక ఆఫీసుకెళ్ళింది. ఏ ఆఫీసో చెప్పను, ఏదైనా ఒకటే. ఫారంలో "వృత్తి" అన్నచోట రెండే గళ్ళు: ఉద్యోగిని, గృహిణి.

"టైలరింగండీ, సొంత షాపు" అంది చెల్లెలు.

కౌంటర్లో ఉన్నాయన పెన్ను గాల్లోనే ఆగిపోయింది. "సెలవు పెట్టినట్టు మీ ఓనర్ దగ్గర లెటర్ తెచ్చారా?"

"ఓనర్ని నేనేనండి."

"ఓస్, అయితే ఇంకేం! మీకేమమ్మా, సొంత పని. ఇష్టమొచ్చినన్నాళ్ళు రెస్టు తీసుకోండి" అని, 'గృహిణి' గడిలో టిక్కు కొట్టి, ముద్రేసి, తర్వాతివాళ్ళని పిలిచాడు.

ఆ టిక్కు కొట్టడానికి ఆయనకి ఒక సెకను పట్టి ఉంటుంది. పద్నాలుగేళ్ళు ఎగిరిపోయాయి.

అయితే ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రావడంలేదు. బహుశా చట్టం క్షుణ్ణంగా చదువుకున్న మనిషి. అప్పటికింకా అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో ఏ మాటకి ఏ అర్థమో చెప్పే మూడో సెక్షన్లో "స్త్రీ" అనే మాటకి కూడా నిర్వచనం ఉంది. స్త్రీ అనగా ఏదైనా సంస్థలో నేరుగా గాని, ఏజెన్సీ ద్వారా గాని వేతనానికి పనిచేస్తున్న స్త్రీ. నేను రెండుసార్లు చదివాను. ఏడు నెలల కడుపుతో, వాచిన కాళ్ళతో, ఒక చేత్తో నడుము పట్టుకుని నా ఎదుట నిలబడ్డ మా చెల్లెలు చట్టరీత్యా స్త్రీ కాదు. మరేమిటీ అంటే దానిక్కూడా సర్కారు దగ్గర సమాధానం ఉంది: చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ప్రకారం ఆవిడ ఒక "సూక్ష్మ సంస్థ". సంస్థకి నెలలు నిండటం ఎక్కడైనా విన్నామా?

అయినా మాది చట్టాన్ని గౌరవించే కుటుంబం. ఓనర్ లెటర్ కావాలన్నారు గనక ఆ రాత్రే లెటర్ రాయడానికి కూర్చున్నాం. కటింగ్ బల్లకి ఇవతల టైలరు, అవతల యజమానురాలు. రెండు కుర్చీల్లోనూ చెల్లెలే. నేను గుమాస్తాని.

"గౌరవనీయులైన యజమానురాలు గారి సముఖమునకు, తమ షాపునందు పద్నాలుగు సంవత్సరములుగా నమ్మకముగా పనిచేయుచున్న తమ టైలరు నమస్కరించి వ్రాసుకొను విన్నపము..."

యజమానురాలు సగం చదివి కాయితం పక్కన పడేసింది. "శ్రావణమాసం ముందు పెట్టుకుని సెలవేమిటమ్మా? ముందే చెప్పొద్దూ?"

"ఏడు నెలల్నుంచీ మీకూ తెలుసు కదండీ. నాతోపాటు మీరూ వాంతులు చేసుకున్నారు."

"అది నా పర్సనల్. దాన్ని షాపులోకి తేకు."

సరే, చట్టమైనా ఒప్పుకుంటుందేమో చూద్దామని నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. గడిచిన ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. చేసింది; స్కానింగులకి వెళ్ళిన రోజులు కూడా తిరిగొచ్చి రాత్రి పన్నెండుదాకా మిషనెక్కింది. దుకాణంలో పదిమంది పనివాళ్ళుండాలి. ఇక్కడ ఇబ్బంది వచ్చింది. చెల్లెలు ఒకటి. హెల్పరు పిల్ల రెండు. కాజాలు కుట్టిపెట్టే అత్తగారు మూడు. ఫాల్సు వేసే పక్కింటి పిన్నిగారు నాలుగు. మోటారు కాలినప్పుడల్లా వచ్చి "ఇదింక పన్జెయ్యదమ్మా" అని చెప్పి వంద పట్టుకెళ్ళే మెకానిక్ ఐదు. ముక్కల మూట మీద పడుకునే పిల్లి ఆరు. కడుపులో ఉన్నదాన్ని కలిపినా ఏడు దాటలేదు. పిల్లి కూడా కడుపుతోనే ఉందని అత్తగారు గుర్తుచేశారుగాని, అవి ఎన్నో తెలియకుండా రిజిస్టరులో ఎలా ఎక్కిస్తాం?

జీతం సంగతి చూద్దామన్నాను. 2017 సవరణ 12 వారాల సెలవుని 26 వారాలు చేసింది. 26 వారాలంటే 182 రోజులు. రోజువారీ సగటు ఆదాయాన్ని 182తో గుణించి యజమానురాలు టైలరుకి చెల్లించాలి. అంటే కుడి సొరుగులోంచి తీసి ఎడమ సొరుగులో వెయ్యాలి. కుడి సొరుగు తెరిచాం. 1,340 రూపాయలు, మూడు బాబిన్లు, మూతలేని జండూబామ్ సీసా. యజమానురాలు సీసా తీసి నడుముకి రాసుకుంది. టైలరుకీ అదే దక్కింది.

ఇందులో అసలు ప్రమాదం నాలుగో సెక్షన్. కాన్పయ్యాక ఆరు వారాలు ఏ యజమానీ తెలిసి తెలిసి స్త్రీచేత పనిచేయించకూడదు. చేయిస్తే ఆ చట్టం కింద ఏడాది దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడో వారంలో మా చెల్లెలు మిషను ముందు కూర్చుని ఉండగా ఇనస్పెక్టరు వచ్చాడే అనుకోండి.

"బాలింతతో పని చేయిస్తున్నదెవరు?"

"నేనేనండి."

"చేస్తున్నదెవరు?"

"నేనే."

"ఫిర్యాదు ఎవరిస్తారు మరి?"

"ఈ ఒక్క లైనింగు అతికాక నేనే వచ్చి రాసిస్తానండి, కూర్చోండి."

5,000 జరిమానా ఎక్కణ్ణుంచి తెస్తుందని కంగారు పడకండి. సరిగ్గా అంతే సొమ్ము కేంద్ర ప్రభుత్వం తొలి కాన్పుకి సాయంగా ఇస్తోంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన, 2017లో మొదలైంది. ఇప్పుడు రెండు వాయిదాలు: గర్భం నమోదై ఒక పరీక్ష జరిగితే 3,000, బిడ్డ పుట్టి, ఆ పుట్టుక నమోదై, పద్నాలుగు వారాల టీకాలన్నీ పడ్డాక 2,000. 2013 ఆహార భద్రతా చట్టం మాత్రం 6,000కి తగ్గకూడదంది. 2016 డిసెంబరు 31 రాత్రి ప్రధానమంత్రి గారు కూడా 6,000 అనే చెప్పారు. పథకం గడప దాటేసరికి అది 5,000 అయింది. ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్షా యోజన కింద వచ్చేదాన్ని కలిపితే "సగటున" ఆరువేలవుతుందన్నారు. సగటు చాలా బలవర్ధకమైన ఆహారం, పురిట్లో ముఖ్యంగా. రెండో కాన్పుకీ ఇస్తారు, ఆడపిల్ల పుడితే. మగపిల్లాడు పుడితే తల్లికి నొప్పులు రావు గాబోలు.

ఈ డబ్బు ఎందుకిస్తున్నారో వాళ్ళే రాసుకున్నారు: పోయిన కూలికి పాక్షిక పరిహారం, తల్లి కాన్పుకి ముందూ తర్వాతా తగినంత విశ్రాంతి తీసుకోవడానికి. పాక్షికం అంటే ఎంత పాక్షికమో చూద్దామని 5,000ని 182తో భాగించాను. రోజుకి 27 రూపాయల 47 పైసలు. మా చెల్లెలు లైనింగ్ జాకెట్టుకి 400 తీసుకుంటుంది. ఆరు నెలల మాతృత్వానికి దేశం కట్టిన కూలి పన్నెండున్నర జాకెట్లు. ఆ అర జాకెట్టు కుడిచేతి వైపుదో ఎడమచేతి వైపుదో జీవోలో స్పష్టత లేదు.

ఇక్కడ జీఎస్టీ ముచ్చట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మగ్గం వర్కు జాకెట్లు చెన్నైకీ బెంగుళూరుకీ పంపుతోందని చెల్లెలు జీఎస్టీ నంబరు తీసుకుంది. పురుడు పోసుకుని, అమ్మకాలు సున్నా అయినా "సున్నా" అని రిటర్ను వెయ్యాలి. మరిచిపోతే రోజుకి 20 రూపాయలు, ఒక్కో రిటర్నుకి 500 దాకా. ఒక చెయ్యి రోజుకి 27 ఇస్తుంది, రెండో చెయ్యి 20 లాక్కుంటుంది. ఫోన్లోంచి ఎస్సెమ్మెస్ కొట్టినా చాలు కదా అంటారు. చాలు. నిజమే. మంత్రసాని బొడ్డు కోసేలోగా కొట్టెయ్యొచ్చు.

ఇన్ని చూశాక నాకర్థమైందేమిటంటే, మన దేశంలో టైలరుకి ప్రసూతి సెలవు ఇచ్చేది కార్మిక శాఖ కాదు, పంచాంగం. శుక్ర మూఢంలో కనాలి. లేదా పుష్యమాసంలో. ముహూర్తాలుండవు, జాకెట్లుండవు. ఆషాఢమైతే మరీ శ్రేష్ఠం. వెనకటివాళ్ళు ఎండల్లో పురుడు రాకూడదని కొత్త దంపతుల్ని ఆషాఢంలో విడదీసేవారు. టైలరు దంపతుల్ని మాత్రం ఆశ్వయుజంలో ఒకచోట చేర్చాలని ఎవరికీ తట్టలేదు. మా చెల్లెలు ఆషాఢాన్ని కొద్దిరోజుల్లో తప్పిపోయింది. సరిగ్గా వరలక్ష్మీవ్రతానికి వారం ముందు, సిజేరియన్.

మా పెదనాన్నగారి మనవరాలొకతె ఇంగ్లండులో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముకుంటుంది. అక్కడ ఫారంలో మూడో గడి ఉందట. సొంత పని చేసుకునేవాళ్ళకి మెటర్నిటీ అలవెన్సు 39 వారాలు. 2025-26లో వారానికి ఎక్కువలో ఎక్కువ 187 పౌండ్ల చిల్లర, జాతీయ బీమా చందాలన్నీ కట్టకపోయినా కనీసం 27 పౌండ్లు. అదేం మూలకొస్తుందని ఆ పిల్ల ఫోన్లో గోల. అక్కడ వారానికి 27, ఇక్కడ రోజుకి 27. అంకెలో మనం ఎవరికీ తీసిపోలేదు.

పైగా మా చెల్లెలు ఒక్కతే అయితే పోన్లే అనుకోవచ్చు. 2023-24 శ్రామిక సర్వేలో పనిచేసే ఆడవాళ్ళలో మూడింట రెండొంతులమంది స్వయం ఉపాధి కిందే తేలారు, ఇంటి పొలంలో ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేసేవాళ్ళతో కలిపి. అంత జనానికి ఫారంలో ఒక గడి లేదు. 2008లో అసంఘటిత కార్మికుల చట్టం తెచ్చి, ఆరోగ్య, ప్రసూతి ప్రయోజనాలకి కేంద్రం పథకాలు రూపొందిస్తుంది అని రాశారు. 2020లో కొత్త సామాజిక భద్రతా కోడ్ తెచ్చి, 109వ సెక్షన్లో మళ్ళీ అదే రాశారు. అది 2025 నవంబరులో, ఆ 1961 చట్టం స్థానంలోకి కూడా వస్తూ, అమల్లోకొచ్చింది. గాంధారి పాపం రెండేళ్ళు మోస్తేనే అంత కథ చెప్పుకున్నాం.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నావల్ల కాదు.

కాన్పైన మూడో రోజు చెల్లెలు ఆసుపత్రి మంచం మీద ఉండగా నేను ఫోను ఎత్తాను. "మేడమ్ డెలివరీ అయ్యారా, కంగ్రాట్స్ అండీ, నా పచ్చ జాకెట్టు వ్రతానికి అందుతుందా?" ఆ రోజు అలాంటివి పదకొండు. వాళ్ళనీ ఏమనను? అడ్వాన్సులిచ్చారు. ఇవ్వకపోతే పక్క వీధిలో ఇంకో టైలరుంది, ఒక్క శ్రావణం చేజారితే పేట మొత్తం అటు తిరుగుతుంది. మిషను లోను ఈఎంఐ ఐదో తారీకునే కట్ అవుతుంది, దానికి పురుడూ తెలియదు, మైలా తెలియదు. పదహారో రోజున చెల్లెలు మిషనెక్కింది. కడుపు మీద కుట్లు ఆరకుండానే జాకెట్ల మీద కుట్లు. వంగి దారం ఎక్కించేటప్పుడు పళ్ళు బిగబట్టేది, నాకు వినిపించేది ఆ చప్పుడు. పాలకి బిడ్డ ఏడిస్తే ఆ కుట్టు అయిందాకా అత్తగారు ఊపుతూ ఉండేవారు. చంటిదానికి నెల నిండకుండానే మిషను మోతకి నిద్రపోవడం అలవాటైంది. సిగ్గుండాలి మనకి. సెలవు ఇవ్వకపోతే పోనీ, ఇవ్వక్కర్లేదని దానికి "స్వేచ్ఛ" అని పేరు పెట్టడానికైనా సిగ్గుండాలి.

సర్కారు ఉద్యోగినుల సెలవు మీద నాకు పేచీ లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఎందరు పిల్లలున్నా వాళ్ళకి 180 రోజులన్నారు, మంచిదే. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు జనాభా తగ్గిపోతోంది, ఇంకా కనండి అంటున్నారు. కనడానికి మా చెల్లెలికి అభ్యంతరం లేదు. ఎవరి టైములో కనమంటారో చెబితే చాలు.

ఇరవై ఒకటో రోజు బారసాల. ఉయ్యాలకి పూలు కట్టాం. పేరంటాళ్ళు వచ్చి, బొట్టుపెట్టి, బాలింత చేతిలో తలో జాకెట్టు ముక్క పెట్టి ఆశీర్వదించారు. అందులో ఒకావిడ, పాత కస్టమరే, అక్షింతలు వేసి ఒక్క నిమిషం ఆగి, బ్యాగులోంచి ఇంకో ముక్క తీసింది. "ఇది నాదమ్మా. బుధవారం మా అబ్బాయి గృహప్రవేశం. కొలత జాకెట్టు కూడా తెచ్చేశాను, నువ్వేం లేవక్కర్లేదు."

"పురిట్లో ఉంది కదండీ" అన్నాను నేను.

"అయ్యో, తొందరేం లేదు, వీలున్నప్పుడే కుట్టమనండి. మీకేమమ్మా, సొంత పని!"

చెల్లెలు ఉయ్యాల తాడు వదలకుండానే కొలత జాకెట్టు అందుకుని మడతవిప్పి చూసింది.

"చంకల్లో బిగుతైందేమో ఆంటీ, ఓ అరంగుళం వదలమంటారా?"