చెక్కు బౌన్సయితే చుట్టరికం కలిసినట్టే

వ్యాపారంలో బంధాలు నిలవవని పెద్దలు అంటుంటారు. పాపం, వాళ్లకి చెక్కు బౌన్సయితే కేసు పెట్టే సెక్షన్ 138 సంగతి తెలిసుండదు. విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు చేసుకునే నేను, నాలుగేళ్ల కిందట గుంటూరు వైపు పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకాయనకి నాలుగు లక్షల ఎనభై వేల సరుకు అరువిచ్చాను. అప్పట్లో ఆయన ఎదురుపడినా గుర్తుపట్టేవాణ్ణి కాదేమో. ఇప్పుడు ఆయన షుగర్ ఎంతుందో, రెండో అమ్మాయి సంబంధం ఎక్కడిదాకా వచ్చిందో, ఏ మోకాలు వర్షాకాలంలో లాగుతుందో అన్నీ నాకు నోటికొచ్చు. అంతా ఆయన రాసిచ్చిన చెక్కు చలవ.

చెక్కు తిప్పి పంపేటప్పుడు బ్యాంకువాళ్లు ఒక మెమో ఇస్తారు, అరచేతంత కాగితం, కారణాల వరసలో ‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’ దగ్గర పెన్నుతో చిన్న టిక్కు. అదే మా శుభలేఖ. అది అందిన 30 రోజుల్లో నేను నోటీసు పంపాలి, నోటీసు అందిన దగ్గర్నుంచి డబ్బు కట్టడానికి ఆయనకి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు నేను కోర్టులో ఫిర్యాదు వేయాలి. పంచాంగం ముందేసుకుని పెట్టిన ముహూర్తాల్లా ఉంటాయి, తప్పితే చిక్కు నాకే. ఆయనకి మాత్రం ఒకటే ముహూర్తం: వచ్చే వాయిదా.

నోటీసు ‘తలుపు తాళం’ అని తిరిగొచ్చింది. అదే రోజు పొద్దున ఆ తాళం వేసిన ఇంట్లోంచే నాకు తామరపువ్వు బొమ్మతో శుభోదయం మెసేజ్ వచ్చింది. సరైన అడ్రసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే లెక్కట, మా లాయరు గారు ధైర్యం చెప్పారు. ఆయన ధైర్యానికి ఫీజు మాత్రం అరువు లేదు.

ఈ కేసుల విచారణ ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. ప్రయత్నానికేం, జరుగుతూనే ఉంది. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు 2.31 కోట్లయితే అందులో 35 లక్షలు చెక్కులవేనని సుప్రీంకోర్టే 2021 తీర్పులో రాసుకుంది. 35 లక్షల చుట్టరికాలన్నమాట! ఏ పెళ్లిళ్ల పేరయ్య వల్ల అవుతుందండీ?

మొదట్లో ఆయన సమన్లకి రాలేదు, బెయిలబుల్ వారెంటుకీ రాలేదు, నాన్ బెయిలబుల్ అనగానే వచ్చి, ఆ వారెంటుని వెనక్కి తీయించుకుని, నన్ను చూసి ‘బావగారూ, బాగున్నారా’ అన్నారు. ఆ తర్వాత ఒక వాయిదాకి మోకాలు నొప్పి, గైర్హాజరు పిటిషను. ఇంకోసారి జడ్జిగారు బదిలీ. చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించొచ్చని 2018లో సవరణ తెచ్చారు కదా అని పిటిషను వేస్తే, వాదనల రోజున లాయర్లు విధుల బహిష్కరణ. ఇంతకీ ఆయన వాదనేమిటంటే అది బాకీకి ఇచ్చిన చెక్కు కాదట, సెక్యూరిటీ కింద ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చిందట. చెక్కు బాకీ కోసమే ఇచ్చాడని చట్టం ముందే అనుకుంటుంది, కాదని చూపించాల్సింది ఆయనే. చూపిస్తున్నారు. మూడేళ్లుగా.

నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కుకి రెట్టింపు దాకా జరిమానా ఉండొచ్చని తెలిసి మా బావమరిది ‘డబుల్ వస్తుంది బావా’ అని అభినందించాడు. అసలు వచ్చాక చూద్దాంలేరా అన్నాను.

మాలాంటి చిన్న తయారీదారులకి 45 రోజుల్లోపు డబ్బిచ్చెయ్యాలని 2006 నుంచే చట్టముంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఒకరోజు ఊసుపోక ఒక అట్ట వెనక లెక్క వేసి చూస్తే ఆయన మీద నాకే జాలేసింది. కానీ వడ్డీ అడిగినవాడికి ఇంకో ఆర్డరు వస్తుందా? గడువులోపు మాకు కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయపు పన్నులో చూపుకోనివ్వం అన్న రూలు వచ్చాక అయితే, కొత్త పార్టీలు గోత్రం అడిగినట్టు ‘మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా’ అని, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యారా అని, అడగడం మొదలెట్టారు. ఉందంటే సంబంధం తప్పిపోతోంది.

మొన్న వాయిదా పడ్డాక కోర్టు బయట టీ బండి దగ్గర ఆయనే పిలిచారు. ‘బావగారూ, ఆవకాయ సీజన్ వస్తోంది, వెయ్యి పెట్టెలు కావాలి, పాత రేటేనా?’ అన్నారు. సిగ్గులేకుండా రేటు చెప్పాను. షెడ్డులో మెషిన్ ఖాళీగా ఉంది మరి. ‘చెక్కు ఇప్పుడే రాసిచ్చేస్తా’ అంటూ జేబులో చెయ్యి పెట్టారు. ఫోన్ బయటికి తీసి టీ డబ్బులు స్కాన్ చేశారు. బండి మీది డబ్బా వెంటనే అరిచింది, ఇరవై రూపాయలు అందాయని.