మారింది డీజే ఒక్కటే కాదు

బోనాల ఊరేగింపుల్లోకి డీజేలు వచ్చి బస్తీ సంప్రదాయం పోయిందని ఒక వ్యాసంలో రాశారు. డప్పు తగ్గిన మాట నిజమే, నాకూ బాధే. కానీ అసలు మార్పు పనిలో వచ్చింది. దాని గురించి ఒక్క మాటైనా రాయాల్సింది.

మాది హైదరాబాద్‌లో ముషీరాబాద్ దగ్గర బస్తీ. నాయన మిల్లు కార్మికుడు. ఆజామాబాద్, సనత్‌నగర్ ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు మా గల్లీలో దాదాపు ఇంటికొకరు ఉండేవారు. ఆషాఢం రాగానే చందాలు పోగయ్యేవి. మొదటి షిఫ్టు దిగినవాళ్లు అమ్మవారి నైవేద్యం పోయే ఫలహారం బండి కట్టేవారు, రాత్రి షిఫ్టు వాళ్లు పొద్దున అమ్మవారికి ఇచ్చే రంగు కాగితాల తొట్టెల పని చూసేవారు. అమ్మ కొత్త కుండకు పసుపు కుంకుమ పెట్టి, బెల్లం, పాలు పోసి వండిన అన్నం నింపి, వేపమండలు చుట్టి, పైన దీపం పెట్టి ఎత్తుకునేది. ఊరేగింపు ముందు అమ్మవారి తమ్ముడు పోతరాజుగా ఆడేది కూడా మిల్లు మనిషే.

మిల్లు మూతపడ్డాక నాయన ఆటో నడిపాడు. ఒకే సైరన్‌కు కదిలే గల్లీ అట్లా చెదిరిపోయింది. అందరికీ ఒక్కసారి తీరిక దొరికితేనే కదా డప్పు నేర్చుకునేది, నేర్పేది!

2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి. సంతోషమే. సెలవు కూడా ఇస్తున్నారు. ఫుడ్ డెలివరీ చేసే మా తమ్ముడి కొడుక్కి మాత్రం ఆ సెలవు లేదు. పండుగ రోజే ఆర్డర్లు ఎక్కువట. మొన్న రాత్రి పదకొండుకు బండి దిగి, బ్యాగు గుడి మెట్ల మీద పెట్టి మొక్కుకున్నాడు. వాడొచ్చేదాకా వాళ్లమ్మ అన్నం ముట్టలేదు.