పరమ గోప్యం

పల్లె ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్షకు గోప్యత లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. గోప్యత కోసమే అక్కడ ఏకంగా ఒక గది కేటాయించారు. అది ఏ గదో కళ్ళజోడు లేనివాళ్ళకు కూడా తెలిసేంత పెద్ద బోర్డూ పెట్టారు. జ్వరానికైనా షుగరుకైనా రక్తం తీసేది ఒకే బల్ల దగ్గర. ఈ ఒక్క చుక్కకే వేరే తలుపు.

వేలి మీద చిన్న పోటు, ఫలితానికి 20 నిమిషాలు. అంతసేపూ ఆ బోర్డు కిందే కూర్చోవాలి. వచ్చేపోయేవాళ్ళు "ఏమ్మా, ఇక్కడున్నావేం?" అని ఆప్యాయంగా పలకరిస్తారు. జవాబు వెతుక్కునేలోపు లోపలి నుంచి కేక, ఇంటిపేరుతో సహా. మొదటి కిట్‌లో గీత కనిపించినా అది నిర్ధారణ కాదు. వేర్వేరు కిట్లతో వరసగా మూడుసార్లు వస్తేనే పాజిటివ్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. రెండో కిట్ నిండుకుంది కాబట్టి పట్నం పొమ్మంటారు. ఊరు మాత్రం ఈలోపే నిర్ధారణ చేసేస్తుంది, దానికి ఏ కిట్టూ అక్కర్లేదు.

మందు సంగతి మరీ సులువు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన బిళ్ళ రోజుకొకటి. సీసాకు 30. బస్సులో ఆ సీసా గలగలమంటుంది గనుక బిళ్ళల్ని ప్లాస్టిక్ కవర్లో పోసుకుంటారు. తేమ పీల్చే పొట్లం సీసాలోనే ఉండిపోతుంది, కవర్లో మందు చెమ్మగిల్లుతుంది. "సీసాలోనే ఉంచమన్నామా లేదా?" అని చీవాట్లు. (మోత రాని సీసా ఎవరూ ఇవ్వరు, చీవాట్లకైతే కొరత లేదు.)

చికిత్సలో నిలదొక్కుకున్నవారికి మూడు నుంచి ఆరు నెలల మందు ఒకేసారి ఇవ్వవచ్చు. అయినా నెలనెలా రమ్మంటారు, క్రమశిక్షణ అట. ఒక రోజు కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చేసరికి కౌంటర్ మూసేసి ఉంటుంది. అలా రెండుసార్లు జరిగి మూడోసారి రాకపోతే పేరు పక్కన రాస్తారు: "మధ్యలో మానేశారు."

ఎవరండీ మానేసింది? రక్తంలో వైరస్ గుర్తించలేనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఈ ఒక్క మాట ఊళ్ళో గట్టిగా చెప్పడం మానేసిందెవరు? కిట్లు తెప్పించడం మానేసిందెవరు? జబ్బు పేరును వరండా అంతా వినేలా అరవగలిగిన గొంతులు ఈ మాట దగ్గరే ఎందుకు పూడుకుపోయాయి? ఆ రిజిస్టర్‌లో ముందు రాయాల్సిన పేర్లు ఇటు కూర్చున్నవాళ్ళవి కావు, కౌంటర్‌కు అటువైపు వాళ్ళవి.