హుషారు పాటకి వేళ కుదరాలి

ఆ సాయంత్రం సోఫాలో గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎనిమిది నెలలు కష్టపడి చేసిన పనిని ఆఫీసులో ఒక్క మీటింగులో పక్కన పెట్టేశారు. మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఇది విను, మూడ్ మారుతుంది" అంటూ మంచి ఊపున్న పాట పెట్టింది. పాట మంచిదే. కానీ ఒక్కో దరువూ నా మీదే పడుతున్నట్టనిపించి "ఆపేయ్ తల్లీ" అన్నాను. తన మొహం చిన్నబోయింది. కాసేపు ఊరుకుని, ఈసారి ఏమీ చెప్పకుండా, నెమ్మదిగా సాగే పాత పాట ఒకటి చిన్న సౌండ్‌లో పెట్టింది. తర్వాత కొంచెం నడక ఉన్నది. ఆ తర్వాత ఇంకోటి. నాలుగో పాటలో ఉండగా "నాన్నా, నీ కాలు చూసుకో" అంది. బొటనవేలు తాళం వేస్తోంది! మనసు ఇంకా ఆ మీటింగులోనే ఉంది, కాలు మాత్రం అప్పటికే బయటపడింది.

ఆ రోజు నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. హుషారైన పాట మనసుని లేపుతుంది, నిజమే. కానీ మనం ఉన్న చోటికి అది వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. దిగులుగా ఉన్న మనిషికి "ఏడుపు పాటలు కట్టేసి డాన్సు పాట పెట్టుకో" అని చెప్పడం ప్రేమతోనే చెప్తాం. వినేవాళ్లకి మాత్రం "నీ బాధ నాకు పట్టదు" అన్నట్టు వినిపిస్తుంది. సంగీతంతో వైద్యం చేసేవాళ్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు. అమెరికాలో ఐరా ఆల్ట్‌షులర్ అనే మానసిక వైద్యుడు 1940లలోనే దీనికి ఐసో ప్రిన్సిపుల్ అని పేరు పెట్టారు. ముందు రోగి మనఃస్థితికి దగ్గరగా ఉన్న సంగీతం వినిపించాలి, తర్వాత మెల్లగా కోరుకున్న వైపు మళ్లించాలి. మా అమ్మాయి ఆ పేరు వినలేదు. నా మొహం చూసి తనే తెలుసుకుంది.

కాలు ముందు కదలడానికి కూడా కారణం ఉంది. లయ వింటున్నప్పుడు, మనం కదలకుండా కూర్చున్నా, మెదడులో కదలికలను నడిపే భాగాలు పనిచేస్తాయి. మామూలుగా మన నడక నిమిషానికి 110 నుంచి 120 అడుగులు ఉంటుంది. చాలా డాన్సు పాటల వేగం కూడా నిమిషానికి 120 దరువుల చుట్టుపక్కలే. అంటే ఆ పాట మన నడకతోనే మాట్లాడుతుంది. పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు వల్ల అడుగు తడబడేవాళ్లకి లయబద్ధమైన శబ్దం వినిపిస్తూ నడక సాధన చేయించే పద్ధతి 1990ల నుంచీ ఉంది. లయ అడుగునే నిలబెడుతుంటే, దిగాలుపడ్డ ఒంటిని కొంచెం కదిలించడం దానికెంత పని?

సంతోషం సంగతికొస్తే, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ఒక చక్కని విషయం బయటపెట్టారు. బాగా ఇష్టమైన సంగీతం విని ఒళ్లు పులకరించినప్పుడు మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడ్డ రసాయనం విడుదలవుతుంది. అంతకన్నా నాకు నచ్చింది ఏమిటంటే, ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో కూడా అది విడుదలవుతుంది. చరణం అయిపోతూ, వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగి, పల్లవి మళ్లీ అందుకునే ముందు గుండె ఎగిరినట్టుంటుందే, అదీ. అందుకే వందసార్లు విన్న పాట కూడా పాతబడదు. అందుకే, ఎవరో తయారుచేసిన "హ్యాపీ సాంగ్స్" ప్లేలిస్ట్ కన్నా, మనకి కంఠతా వచ్చిన పాటే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ఇంకోటి. పాట దాని మానాన అది మోగుతూ ఉంటే చాలదు. మిస్సోరీ యూనివర్సిటీకి చెందిన యూనా ఫెర్గూసన్, కెన్నన్ షెల్డన్ 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, మూడ్ బాగుచేసుకోవాలని ప్రయత్నిస్తూ ఉత్సాహభరితమైన సంగీతం విన్నవాళ్లకే ఎక్కువ ఫలితం కనిపించింది. కాబట్టి ఫోన్‌లో ఇంకేదో చూసుకుంటూ వినకండి. లేచి నిలబడండి. గొంతు బాగున్నా లేకపోయినా కూడా పాడండి. అలాగని "సంతోషం వచ్చిందా, ఎంత వచ్చింది" అని నిమిషానికోసారి తరిచి చూసుకుంటే వచ్చింది కూడా పోతుంది. ఇది నా అనుభవం.

వారాల తరబడి దిగులు వదలక, నిద్రా తిండీ కూడా దెబ్బతింటుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఆ భారమంతా పాట మీద వేయకూడదు.

ఇప్పుడు నా ఫోన్‌లో "సాయంత్రం" అని ఆరు పాటల వరస ఒకటి ఉంది. మొదటిది నాతో పాటు కూర్చునే పాట. మూడోదానికి తల ఊగుతుంది. ఆరోది వచ్చేసరికి మా అమ్మాయి గదిలోంచి పరుగెత్తుకొస్తుంది.